అవతలి ఒడ్డు తోడు

ఫాల్గుణం 4

గాలి దక్షిణం. వచ్చిన పడవలు ఏడు, వెళ్ళినవి ఏడు. మంచినీళ్ళు మనిషికి ఎనిమిది చెంబులు.

గేటు చిట్టాకు ఇంతవరకు చాలు. మిగతాది కాగితం వెనక రాస్తున్నాను. ఉత్తర గేటు తనిఖీదారుని నేను. ఈ నూకరత్నం రాసిన చిట్టాను తిరగేసి చూసే సాహసం ఈ ఊళ్ళో ఎవరూ చేయరు.

ఏడు పడవలూ బ్యాటరీలు తప్ప ఏ సరుకూ లేకుండా వచ్చాయి. అలాగే రావాలి. సముద్రం పొలాలను మింగేశాక మా పెద్దలు ఈ కొండ చుట్టూ గట్టు కట్టుకున్నారు. ఆ నాటి నుంచి గట్టుపురం పద్ధతి ఒక్కటే. ఉప్పునీటిని మంచినీరు చేసే పొరలు చుట్టుపక్కల ఊళ్ళకు అమ్ముతాం. బదులుగా నిండు బ్యాటరీలు తీసుకుని కొండ గుహలో పేర్చుకుంటాం. ఇంకేదీ గేటు దాటి లోపలికి రాకూడదు, ఉల్లిపాయైనా సరే, సూదైనా సరే. పొరలు పెంచే తోడు మాత్రం గేటు దాటి బయటికి పోకూడదు. "అమ్మేవాడు పెరుగుతాడు, కొనేవాడు కరుగుతాడు" అని మండలి పెద్ద గవరయ్య గారు నా చిన్నతనం నుంచి చెబుతున్నారు. నేను నమ్మాను. నమ్మబట్టే నాకీ గేటు ఇచ్చారు.

ఏడో పడవ లోవరాజుది. అతనిది అవతలి ఒడ్డున ఉన్న రేవుపాడు. అక్కడ గట్టు లేదు, గేటు లేదు, ఎవరి పడవైనా ఏ సరుకుతోనైనా ఆగవచ్చు. లోవరాజు కాళ్ళ దగ్గర గుడ్డ చుట్టిన పలక ఒకటి కనిపించింది.

"ఏంటది?"

"పొరండి, అక్కగారూ. ధనకోటి గారు పంపేరు. అమ్మకానికి కాదండి, మీ మండలి వారికి చూపించమన్నారు. ఎర్ర నాచు పట్టదంట దీనికి."

ఆరేళ్ళుగా ఆ పేరు నా ముందు ఎవరూ పైకి అనలేదు.

నేను, ధనకోటి పద్నాలుగేళ్ళు తవిటయ్య మేస్త్రి షెడ్డులో పక్కపక్కన నిలబడి పని చేశాం. వెడల్పాటి తొట్టిలో గంజినీళ్ళు పోసి, తోడు కలిపి, పాల మీద మీగడ కట్టినట్టు పొర కట్టే దాకా కాచుకోవడం మా పని. నా పొర చూసి మేస్త్రి "బావుంది" అనేవారు. ఆమె పొర చూసి ఏమీ అనేవారు కాదు. ఊరికే దాని పక్కన కాసేపు నిలబడేవారు. నా తొట్టి పక్కన ఆయన అలా ఒక్కసారైనా నిలబడతారని పద్నాలుగేళ్ళు చూశాను.

ఒకనాడు ధనకోటి షెడ్డులో, "మన తోడు ముసల్దైపోతంది, బయటి తోడేదైనా కలిపి చూడాలి" అంది. ఆ సాయంత్రమే ఆ మాట గవరయ్య గారి చెవిన వేశాను. వారం తిరక్కుండా నాకు ఈ గేటు ఇచ్చారు, ఆమెను ఊళ్ళోంచి పంపేశారు. వెళుతూ తోడు దొంగిలించుకుపోయిందని ఊరంతా అనుకుంటుంది. కాదని నేను ఎప్పుడూ చెప్పలేదు.

ఫాల్గుణం 6

మండలి ఆ పొరను పరీక్షించమని నాకే పంపింది. మామూలుగా అయితే చూడకుండా కాల్చేసేవారు. కానీ ఈ ఏడు మన పొరల మీద ఎర్ర నాచు కూర్చుంటోంది. నెల తిరక్కుండా పొర కుళ్ళిపోతోంది. అందుకని మండలిలో కొందరు మెత్తబడ్డారు. పరీక్షలో నెగ్గితే ఆ తోడును ఒక్కసారికి లోపలికి రానిద్దామన్నారు.

పొరను చట్రంలో బిగించి సముద్రపు నీళ్ళు పోశాను. మన పొర గంటకు అర చెంబు ఇస్తుంది. ఇది చెంబు నిండా ఇచ్చింది. రుచి చూశాను. రెండోసారి చూశాను. ఉప్పు నాలిక చివర ఎక్కడో ఒక్క రవ్వ తగిలింది, అంతే. నాచు కలిపిన నీళ్ళు పోస్తే తామరాకు మీంచి జారినట్టు జారిపోయాయి.

తవిటయ్య మేస్త్రిని సాక్షిగా పిలిపించారు. డెబ్బై దాటిన మనిషి, చూపు మందగించింది. బొటనవేలితో పొరను ఒక మూల నుంచి ఇంకో మూలకు రాసుకుంటూ వెళ్ళారు.

"ధనకోటి చెయ్యి," అన్నారు.

"ఎలా చెప్పగలరండీ?"

ఆయన పొర మీంచి వేలు తీసి దాని పక్కన నిలబడిపోయారు. అలాగే, చేతులు వెనక్కి కట్టుకుని. నేను ఇసుక గడియారం తిప్పాను. అది సగానికి వచ్చినా ఆయన కదలలేదు.

ఆ నీళ్ళలో వేసిన మూడు చేపలూ సాయంత్రానికి హాయిగా తిరుగుతున్నాయి. నేను వాటిని సముద్రంలోకి వదిలేసి కాగితం మీద రాశాను: "చేపలు చచ్చాయి. పొరలో విషం ఉంది. పనికిరాదు."

అక్షరాలు రోజూ లాగే తిన్నగా వచ్చాయి. వంకరగా వచ్చాయని రాసుకుంటే బాగుండును.

ఫాల్గుణం 7

పొరను గేటు ముందు కాల్చారు. గవరయ్య గారు నా భుజం తట్టి, "నీలాంటి మనిషి గేటులో ఉన్నంత కాలం ఈ ఊరికి దిగుల్లేదు" అన్నారు. లోవరాజు పడవలో నిలబడి మంట వైపు చూడకుండా నా వైపు చూశాడు.

నాకు సంతోషం కలిగింది. మధ్యాహ్నం భోజనం దాకా నిలిచింది.

ఫాల్గుణం 25

మంచినీళ్ళు మనిషికి ఐదు చెంబులు. నాచు ఇప్పుడు పొరల మీదే కాదు, తొట్లలోకే దిగింది. తోడు పులవడం లేదు. పొర కట్టినట్టే కట్టి, వేలు పెడితే చిరిగిపోతోంది. కొన్న ఊళ్ళవాళ్ళు కుళ్ళిన పొరలు వెనక్కి తెచ్చి గేటు దగ్గర పడేసి పోతున్నారు. వానలకు ఇంకా మూడు నెలలు.

గేటు మెట్ల మీద నుంచి రేవుపాడు కనిపిస్తుంది. రోజూ చూడకూడదనుకుంటాను, చూస్తాను. ఈ రోజు తెరచాపలు పాతిక లెక్కపెట్టాను. పసుపు రంగుది ఒకటి, నీలం రంగువి రెండు. ఊళ్ళో ఉన్న రంగు అయిపోయాక మాకు నాలుగేళ్ళుగా బూడిద రంగు గుడ్డ ఒక్కటే. మా నేతగాళ్ళకు రంగు దొరకదు, దొరకనిదాన్ని అక్కర్లేదనడం మాకు అలవాటైపోయింది. వాళ్ళకు పసుపు రంగు తెరచాప ఎందుకు? గాలికి రంగుతో పనేమిటి? ఇలాంటివి ఆలోచిస్తూ మధ్యాహ్నమంతా గడిపాను. కళ్ళలో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

చైత్రం 8

మూడు చెంబులు.

ఈ ఉదయం గుహ తెరిచారు. బ్యాటరీలతో పొయ్యిలు వెలిగించి సముద్రపు నీళ్ళు కాచి, ఆవిరి పట్టుకుందామని గవరయ్య గారి ఆలోచన. నలభై ఏళ్ళు కూడబెట్టిన సొత్తు అది. పండగ రోజుల్లో పిల్లల్ని తీసుకెళ్ళి ఆ వరసలు చూపించేవాళ్ళం.

మొదటి వరస తగిలించారు, పొయ్యి వెలగలేదు. రెండో వరసా అంతే. వెనక వరసలకు వెళితే బ్యాటరీలు ఉబ్బి పగిలి ఉన్నాయి, కింద పచ్చటి జిగురు. వాడకుండా ఉంచితే అవి చచ్చిపోతాయట. ఆ సంగతి బ్యాటరీలు చేసేవాళ్ళకు తెలుసు. మనం వాళ్ళను గేటు దాకా తప్ప రానివ్వలేదు కనుక మనకు చెప్పేవాళ్ళు లేరు.

గవరయ్య గారు ఒక బ్యాటరీని పైపంచెతో తుడుస్తూ నిలబడ్డారు. పక్కనున్న వాళ్ళతో, "ముందు వరసలో కొన్ని బాగానే ఉన్నాయి కదా," అన్నారు. నిజమే. కొన్ని బాగానే ఉన్నాయి. అవి తొమ్మిది రోజులకు సరిపోతే గొప్ప.

చైత్రం 15

తవిటయ్య మేస్త్రి కాళ్ళు వాచాయి. తన వాటా నీళ్ళు షెడ్డులో చంటిపిల్లల తల్లులిద్దరికి పోసేసి, ఆయన నాచు పట్టిన పొరల్లోంచి కారిన ఉప్పు నీళ్ళు తాగుతున్నారట. వైద్యుడు మూత్రపిండాలు చెడుతున్నాయన్నాడు. ఆస్పత్రిలో అలాంటివాళ్ళు ఇంకా పదకొండు మంది ఉన్నారు.

చూడటానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నారు.

"రత్నం," అన్నారు. "ఆ చేపలు నిజంగా చచ్చేయా?"

నేను మంచం పక్కనున్న ఖాళీ చెంబును తిన్నగా పెట్టాను.

"నేను పట్టుకున్నాను కదమ్మా ఆ పొర. విషం ఉన్నది అలా ఉండదు." వాచిన కాళ్ళ మీదికి దుప్పటి లాక్కుంటూ, "నేనే తప్పు చేసేనేమో. నీ పని బావుందని రోజూ చెప్పేవాణ్ణి. ఆ పిల్లకి ఒక్కనాడూ చెప్పలేదు. నీకది చాల్లేదా?" అన్నారు.

చాల్లేదని ఆయన ముఖం మీద చెప్పలేక లేచి వచ్చేశాను.

చైత్రం 16

తెల్లారగానే తనిఖీ పడవలో బయలుదేరాను. నీళ్ళ మీద తేలే హద్దు బుడ్డి దాకా వెళ్ళే అధికారం నాకుంది. హద్దు దాటాక కూడా తెడ్డు వేస్తూనే ఉన్నాను. సగం దారిలో లోవరాజు ఎదురొచ్చి, ఏమీ అడక్కుండా తాడు విసిరి లాక్కుపోయాడు.

రేవుపాడు గురించి రాయాలంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఒడ్డు మీద ఉల్లిపాయలు గుట్టలుగా పోసి ఉన్నాయి. లవంగాల వాసన. ఏవేవో భాషలు. ఆడవాళ్ళు ఎర్ర చీరలు కట్టుకుని చేపలు కోస్తున్నారు, చేపలు కోయడానికి ఎర్ర చీర! కానీ ఒక అరుగు మీద ఒక ముసలాయన ఖాళీ మగ్గం పక్కన కూర్చుని ఉన్నాడు. "బెంగాలు గుడ్డ దిగేక మాది ఎవరు కొంటారమ్మా," అన్నాడు. సిగ్గులేకుండా రాస్తున్నాను, ఆ మాట విని నా ప్రాణం కొంచెం కుదుటపడింది.

ధనకోటి షెడ్డు రేవు చివర ఉంది. ఆమె లావెక్కింది. కళ్ళజోడు పెట్టుకుంది. మా ఊళ్ళో కళ్ళజోళ్ళు లేవు. నాకు మూడేళ్ళుగా సూదిలో దారం ఎక్కించడం చేతకాదు. నేను అన్నిటికంటే ముందు ఆ కళ్ళజోడును చూశాను, తర్వాతే ఆమెను.

"రత్నమా?" అంది. "కూర్చో."

కూర్చోలేదు. వచ్చిన పని అడగాల్సింది పోయి, "ఈ తోడు మాదే కదా? తీసుకొచ్చేశావు కదా?" అని అడిగాను.

ఆమె తొట్టి మీద మూత పెట్టి నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నన్ను పంపేసినప్పుడు మీ గేటులో గోళ్ళ కింద మట్టి కూడా లేకుండా కడిగేరు. జడ విప్పి కడిగేరు. కడిగింది ఎవరే? నువ్వు కాదూ?"

నేనే. ఆమె దగ్గర ఏమీ లేదని నా చేతులకు తెలుసు. ఆరేళ్ళు ఊరు దొంగ అంటుంటే ఆ చేతులతోనే చిట్టా రాశాను.

"మరి ఇదెక్కడిది?"

"కొంత మలయా పడవది, కొంత బెంగాలుది. పోయినేడు సింహళం వాళ్ళు నాకంటే మంచి పొర దించేరు. నా దగ్గర కొనేవాళ్ళు సగం మంది అటెళ్ళిపోయేరు. నెల్లాళ్ళు ఏడ్చేను, వాళ్ళని తిట్టేను. తరవాత సిగ్గొదిలి వాళ్ళ తోడే అడిగి తెచ్చుకున్నాను. ఇక్కడ బతుకంతా ఇంతేనే. రేపొచ్చే పడవలో ఏముంటాదో అని రోజూ గుండెల్లో దడే. నువ్వేదో స్వర్గం అనుకుంటన్నావేమో."

అప్పుడు చెప్పాను. మేస్త్రి కాళ్ళ సంగతి, ఆస్పత్రి సంగతి. చేపలు చావలేదని చెప్పాను. ఆరేళ్ళ కిందట గవరయ్య గారి చెవిన వేసింది నేనేనని కూడా చెప్పాను.

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"అది నాకు తెలుసు. షెడ్డులో ఆ మాట నువ్వు తప్ప ఎవరూ వినలేదు," అంది. "చేపల సంగతి మాత్రం తెలీదు. నా పొరే చెడిందేమో అని ఇరవై తొట్లు పారబోసేను. ఇరవై!" గొంతు అప్పుడు పెరిగింది. "నీ చెంప పగలగొట్టాలని ఉంది."

"కొట్టు."

"నిన్ను కొడితే తవిటయ్య గారి కాళ్ళు తగ్గుతాయా?"

కుండ నిండా తోడు పోసి, మూతికి తడి గుడ్డ కట్టింది. ఇస్తూ ఇస్తూ ఆగింది.

"ఊరికే కాదు. మీ పాత తోడు ఒక చెంబు నాకు పంపించు. నాది నీళ్ళు తొందరగా ఇస్తాది గానీ రవ్వ ఉప్పు వదిలేస్తాది. మీది వదలదు. అది నాక్కావాలి."

"మా తోడు బయటికి రాకూడదు. నీకు తెలుసు కదా."

"నా తోడు లోపలికీ రాకూడదు కదే," అంది.

ధర్మం చేసినట్టు ఇచ్చి ఉంటే నేను తీసుకోలేకపోయేదాన్ని. బేరం పెట్టింది కాబట్టి రెండు చేతులా అందుకున్నాను.

చైత్రం 17

గేటు దగ్గర గవరయ్య గారే నిలబడి ఉన్నారు. వెనక పాతిక మంది దాకా జనం, చేతుల్లో ఖాళీ చెంబులు.

"కుండ కింద పెట్టు, నూకరత్నం. చట్టం నీకు నేను చెప్పాలా?"

"నా మాట వినండి ముందు. ఫాల్గుణంలో కాల్చిన పొరలో విషం లేదండి. చేపలు బతికే ఉన్నాయి. నేను తప్పు రాశాను."

"ఎందుకు?"

"ధనకోటిది కాబట్టి."

జనంలో ఎవరో ఒకావిడ చేతిలోని చెంబు జారి మెట్ల మీద దొర్లింది. అది కింది మెట్టు దాకా పోయింది. తర్వాత అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. ఆ మాటలు ఇక్కడ రాయను. వాటికి నేను తగినదాన్నే.

గవరయ్య గారు చెయ్యెత్తి వాళ్ళను ఆపారు. "దీన్ని రానిస్తే రేపు గుడ్డ వస్తాది, ఎల్లుండి కుండలొస్తాయి. మన నేతగాడు, మన కుమ్మరి ఏమైపోవాలి? అది ఆలోచించేవా?"

"అక్కడ ఖాళీ మగ్గం చూశానండి. మీరన్నది అబద్ధం కాదు. కానీ మన మగ్గం ఆడుతూనే ఉంది, మనిషి మంచం పట్టాడు."

ఆయన మెట్టు మీద కూలబడ్డారు. ముసలివారని నాకు అప్పుడే తట్టింది. "ఆ రోజు చేపలు చూపించమని నేనూ అడగలేదు," అన్నారు నెమ్మదిగా. "నాకు కావలసిన మాటే రాసేవు. అందుకని అడగలేదు."

కుండను షెడ్డుకు పంపమన్నారు. నా నడుముకున్న గేటు తాళాలు తీసుకున్నారు. ధనకోటి అడిగిన చెంబెడు పాత తోడు సంగతి చెబితే తల అడ్డంగా ఊపారు, చాలాసేపటికి నిలువుగా ఊపారు.

వైశాఖం 20

చిట్టా ఇప్పుడు వేరే మనిషిది. మిగిలిన కాగితాలు నాకిచ్చేశారు.

షెడ్డులో తొట్లు కడిగే పని ఇచ్చారు. నాతో ఎవరూ మాట్లాడరు. మంచినీళ్ళు ఏడు చెంబులకు వచ్చాయి. ఆస్పత్రి నుంచి చాలామంది ఇళ్ళకు వెళ్ళారు, ఇద్దరే మిగిలారు. మేస్త్రి ప్రాణానికి ముప్పు తప్పింది గానీ కాళ్ళలో సత్తువ తిరిగి రాలేదు. ఇకమీద ఏ తొట్టి పక్కనా ఆయన నిలబడలేరు. పీట మీద కూర్చోబెట్టి తీసుకొస్తారు. నేను కడుగుతుంటే చూస్తూ ఉంటారు. మూలల్లో నాచు ఉండిపోయిందని చెబుతారు. ఉంటుంది కూడా.

మార్గశిరం 11

గేటు వారానికి మూడు రోజులు తెరుస్తున్నారు. సూదులు వచ్చాయి, ఉల్లిపాయలు వచ్చాయి. రంగు వచ్చాక మా నేతగాళ్ళు కొందరు బాగుపడ్డారు, ఇద్దరు మగ్గాలు అమ్ముకుని పడవల మీదికి పోయారు. మండలిలో రోజూ గొడవే. గవరయ్య గారు ప్రతి సరుకు మీదా నిలబడి వాదిస్తారు, సగం వాదాలు నెగ్గుతారు.

దసరా తర్వాత నాకు ఒక తొట్టి ఇచ్చారు. పాత తోడు, ధనకోటి తోడు కలిపి రకరకాలుగా పులియబెట్టాను. ఎన్నో చిరిగాయి. కిందటి వారం ఒకటి నిలిచింది.

ఈ రోజు ధనకోటి వచ్చింది, మేస్త్రిని చూడటానికి. ఆరేళ్ళ తర్వాత గేటు దాటింది. ఎవరూ ఆమె గోళ్ళు చూడలేదు. మేస్త్రి ఆమె చెయ్యి పట్టుకుని, "నీ పని చాలా బావుండేదమ్మా, అప్పుడే చెప్పాల్సింది," అన్నారు. నేను అక్కడే ఉన్నాను. విన్నాను. మనసు చివుక్కుమంది. అది పోలేదు, పోతుందని అనుకోను.

వెళ్ళబోతూ ఆమె నా తొట్టి దగ్గర ఆగింది. చట్రానికి ఎక్కించిన పొర మీద సముద్రపు నీళ్ళు పోసింది. చెంబు నిండే వేగం చూసింది. తాగింది. మళ్ళీ తాగి, ఆ రవ్వ ఉప్పు కోసం నాలిక పెదవుల మీద తిప్పింది. దొరకలేదు. కళ్ళజోడు పైకి నెట్టి పొర మీదికి వంగింది. వేలితో రాసింది. ఆమె ముఖం బిగుసుకుపోయింది. నేను అద్దంలో చూసుకునే ముఖమే అది.

"ఎన్నాళ్ళు పులియబెట్టేవు?" అంది. మామూలుగా అడగాలని ప్రయత్నించింది, కుదరలేదు.

తొమ్మిది రోజులని చెప్పవచ్చు. తొమ్మిది రోజులకు తీస్తే చిరిగిపోతుంది. ఆమె ఏడాది పొడుగునా తీస్తూనే ఉంటుంది, పొర చిరుగుతూనే ఉంటుంది. పడవలన్నీ నా తొట్టి దగ్గరికి వస్తాయి. ఇదంతా చెంబులోంచి నీటిచుక్క జారి కింద పడేలోగా అనుకున్నాను.

"పదమూడు," అన్నాను. "పదో రోజున ఒకసారి తొట్టిని నీడకి మార్చాలి. ఉండు, ఎలాగో చూపిస్తాను."